బొమ్మ అంచులు ఎటు పోయాయి?

ఒక తరగతి గదిని ఊహించుకోండి. గోడకు పెద్ద టెలివిజన్ తగిలించి ఉంది. లెక్కల మాస్టారు తన కంప్యూటరును ఒక తీగతో దానికి కలిపారు. వెనక బెంచీల వాళ్ళకు కూడా బాగా కనిపించాలని ఒక లెక్కను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, పట్టినంత పెద్ద అంకెలతో వేశారు. పిల్లలందరూ టీవీ వైపు చూసి లెక్క రాసుకున్నారు.

12 + 5 × 4 = ?

ముందు గుణకారం, తరవాత కూడిక. అయిదు నాలుగులు ఇరవై. దానికి 12 కలిపితే 32. క్షణంలో చేతులన్నీ పైకి లేచాయి. "ముప్ఫై రెండు సార్!" మాస్టారు తల అడ్డంగా ఊపారు. "కాదర్రా, ఎనిమిది!"

మీరే చెప్పండి, తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. మాస్టారు చూస్తున్నది కంప్యూటరు తెర. అక్కడ ఉన్న లెక్క ఇదీ:

−12 + 5 × 4 = ?

ఎడమ అంచున ఉన్న ఆ చిన్న ఋణ గుర్తు టీవీ తెర మీదికి రాలేదు. ఒక్క అడ్డగీత మాయమయ్యేసరికి జవాబు 8 కాస్తా 32 అయి కూర్చుంది.

ఇది ఊహించి చెప్పిన కథే. కాని ఇలాంటిదే మీ ఇంట్లోనూ జరుగుతూ ఉండవచ్చు. క్రికెట్ ఆట చూస్తున్నప్పుడు మూలనున్న స్కోరులో మొదటి అంకె సగం తెగినట్టు కనిపించిందా? తెర అడుగున పరుగెత్తే వార్తల్లో అక్షరాల కింది భాగం కనబడటం లేదా? మన తెలుగుకు ఈ బెడద మరీ ఎక్కువ. ఎందుకంటే మన ఒత్తులు చాలావరకు అక్షరం కిందే ఉంటాయి. ఒత్తు తెగిపోతే 'బల్లి' కాస్తా 'బలి' అవుతుంది, 'గుడ్డి' కాస్తా 'గుడి' అవుతుంది!

మరి ఆ అంచులు ఎటు పోయాయి? టీవీ చెడిపోయిందా? కాదు. చాలా సెట్లలో ఇది కావాలని చేసిన ఏర్పాటు. వచ్చిన బొమ్మను కొంచెం పెద్దది చేసి, తెరకు బయట పడిన అంచులను టీవీయే వదిలేస్తుంది. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. అంటే బొమ్మను తెర హద్దు దాటించి గీయడం అన్నమాట. ఎందుకు ఇలా చేస్తారో తెలియాలంటే మనం కొంచెం వెనక్కి, బరువైన పాత టీవీల కాలానికి వెళ్ళాలి. అంతకుముందు ఒక చిన్న లెక్క చేద్దాం.

పోయింది ఎంత?

ఒక్కో అంచున బొమ్మలో 5 శాతం తెగిందనుకోండి. "అయిదు శాతమే కదా, పోతే పోయింది" అనిపిస్తుంది. తొందరపడకండి. బొమ్మ వెడల్పు 100 భాగాలు అనుకుంటే ఎడమ పక్క 5, కుడి పక్క 5 పోయి 90 మిగులుతాయి. ఎత్తులోనూ పైన 5, కింద 5 పోయి 90 మిగులుతాయి. వైశాల్యం కావాలంటే వెడల్పును ఎత్తుతో గుణించాలి కదా!

100 × 100 = 10,000
90 × 90 = 8,100

పదివేల భాగాల్లో 1,900 భాగాలు పోయాయి. అంటే 19 శాతం. అయిదు శాతం అనుకున్నది దాదాపు అయిదో వంతు అయింది! ఒక్కో అంచున రెండున్నర శాతమే తెగినా, 95 × 95 = 9,025. అంటే సుమారు పదో వంతు బొమ్మ మీరు చూడటం లేదు. పొలం గట్టు నాలుగు వైపులా ఒక్కో గజం లోపలికి జరిగితే రైతు ఎంత నేల పోగొట్టుకుంటాడో ఆలోచించండి. ఇదీ అలాంటిదే.

వెలుగు కలంతో గీసిన బొమ్మ

ఇప్పుడు పాత టీవీ దగ్గరికి వద్దాం. మీ తాతగారిని అడగండి, లోతుగా, బరువుగా, ముందు గాజు ముఖంతో ఉండే టీవీ సంగతి చెబుతారు. దాని గుండెకాయ పిక్చర్ ట్యూబు. దీనికి మూలమైన గొట్టాన్ని 1897లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేశాడు.

ఈ గొట్టంలో గాలి ఉండదు. వెనక సన్నని మెడలో ఎలక్ట్రాన్లను విరజిమ్మే భాగం ఉంటుంది. ముందువైపు గాజుకు లోపల ఒక రసాయన పూత ఉంటుంది. దాని పేరు ఫాస్ఫర్. ఎలక్ట్రాన్లు వేగంగా వచ్చి తగిలినచోట ఆ పూత వెలుగుతుంది. మెడ చుట్టూ తీగచుట్టలు ఉంటాయి. వాటిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అయస్కాంత క్షేత్రం పుట్టి, ఎలక్ట్రాన్ల పుంజాన్ని అటూ ఇటూ వంచుతుంది.

మీరు పలక మీద గీతలు గీస్తున్నట్టు అనుకోండి. ఎడమ నుంచి కుడికి ఒక గీత, మళ్ళీ ఎడమ అంచుకు వచ్చి దాని కింద ఇంకో గీత. ఎలక్ట్రాన్ పుంజం చేసేదీ అదే. మన దేశం అనుసరించిన పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణించి చూడండి: సెకనుకు 15,625 గీతలు! ఒక్కో గీతకు దొరికే వ్యవధి సెకనులో పదిలక్షల వంతులు 64 మాత్రమే. అందులోనూ సుమారు 12 వంతులు పుంజం కుడి అంచు నుంచి ఎడమ అంచుకు తిరిగి రావడానికి కేటాయించారు. అలాగే 625 గీతల్లో బొమ్మను మోసేవి దాదాపు 575. తక్కినవి పుంజం అడుగు నుంచి పైకి ఎగబాకే వేళకు సంబంధించినవి.

ఈ వివరం గుర్తుంచుకోండి: పాత టీవీలో బొమ్మకు గట్టి హద్దు అంటూ ఏదీ లేదు. తీగచుట్టల్లో విద్యుత్తు ఎంత ఎక్కువైతే పుంజం అంత ఎక్కువ వంగుతుంది, బొమ్మ అంత పెద్దదవుతుంది. విద్యుత్తు తగ్గితే బొమ్మ ముడుచుకుంటుంది. బొమ్మ కొలత విద్యుత్తు చేతిలో ఉందన్నమాట.

బొమ్మ ఎందుకు పొర్లించారు?

విద్యుత్తు ఎప్పుడూ ఒకేలా ఉంటే ఏ చిక్కూ లేదు. కాని ఉండదు కదా! సాయంత్రం ఊళ్ళో దీపాలన్నీ వెలిగించేసరికి వోల్టేజి పడిపోయేది. దాంతో టీవీలో బొమ్మ నాలుగు వైపులా ముడుచుకుని, చుట్టూ నల్లని అంచు కనిపించేది. అందుకే ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో టీవీ పక్కన స్టెబిలైజరు కూడా ఉండేది.

ఇంకో తమాషా చూడండి. ఎలక్ట్రాన్లను తెర వైపు వేగంగా లాగడానికి రంగుల పిక్చర్ ట్యూబులో సుమారు 20,000 నుంచి 30,000 వోల్టుల పీడనం కావాలి. తెర మీద బాగా వెలుగున్న దృశ్యం వస్తే ఎక్కువ ఎలక్ట్రాన్లు కావాలి. అప్పుడు ఆ పీడనం కొద్దిగా పడిపోవచ్చు. పీడనం తగ్గితే ఎలక్ట్రాన్ల వేగం తగ్గుతుంది. నెమ్మదిగా వచ్చేదాన్ని వంచడం తేలిక కదా! అందువల్ల అవి ఎక్కువ వంగి, బొమ్మ ఉబ్బుతుంది. చీకటి దృశ్యం రాగానే మళ్ళీ తగ్గుతుంది. ఊపిరి పీల్చి వదిలినట్టు బొమ్మ పెరుగుతూ తరుగుతూ ఉంటుందన్నమాట.

వీటికి తోడు సెట్టులోని భాగాలు వేడెక్కినా, పాతబడినా బొమ్మ కొలత మారుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం కూడా పుంజాన్ని రవ్వంత పక్కకు జరుపుతుంది. తెర మూలలేమో చతురస్రంగా కాక గుండ్రంగా ఉండేవి.

ఇన్ని చిక్కుల మధ్య ఇంజనీర్లు ఒక తేలిక మార్గం ఎంచుకున్నారు. బొమ్మను తెరకు సరిగ్గా సరిపోయేట్టు కాక కొంచెం పెద్దదిగా గీస్తే సరి! అప్పుడు బొమ్మ కాస్త ముడుచుకున్నా నల్లని అంచు బయటపడదు. చొక్కా కుట్టేటప్పుడు దర్జీ అంచు దగ్గర కొంత గుడ్డ ఎక్కువ ఉంచి లోపలికి మడుస్తాడు, చూశారా? అలాంటిదే ఇది. ఆ కాలానికి అది మంచి ఉపాయమే.

అటువైపు వాళ్ళ జాగ్రత్త

ఇళ్ళలో బొమ్మ అంచులు తెగుతాయని కార్యక్రమాలు తీసేవాళ్ళకు తెలుసు. ఏ ఇంట్లో ఎంత తెగుతుందో మాత్రం తెలియదు. అందువల్ల వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. బొమ్మ వెడల్పులోనూ ఎత్తులోనూ మధ్యనున్న 90 శాతం లోపలే ముఖ్యమైన కదలికలు ఉండాలి. అక్షరాలైతే మరింత లోపలికి, మధ్యనున్న 80 శాతంలోనే ఉండాలి. పాత కార్యక్రమాల్లో పేర్లు అంచులకు దూరంగా, తెర మధ్యకు జరిగినట్టు కనిపించేది అందుకే.

బొమ్మ కొలతను సరిచూసుకోవడానికి పరీక్షా చిత్రాలు కూడా ఉండేవి. వాటిలో పేరుపొందినది బీబీసీ 1967 జూలై 2న మొదట ప్రసారం చేసిన టెస్ట్ కార్డ్ ఎఫ్. నల్లబల్ల మీద అడ్డగీతలు, నిలువుగీతలు గీసి చుక్కలాట ఆడుతున్నట్టు ఒక పాప, పక్కన ఒక బొమ్మ అందులో కనిపిస్తాయి. ఆ నల్లబల్ల మీది ఇంటూ గుర్తు సరిగ్గా తెర మధ్యకు ఆనవాలు. చుట్టూ ఉన్న వలయం కోడిగుడ్డులా కనిపిస్తే బొమ్మ ఆకారం చెడిందని అర్థం. నాలుగు అంచుల్లోనూ ఉన్న త్రికోణాల మొనలు బొమ్మ ఎక్కడితో ముగుస్తుందో చెబుతాయి. చూశారా, ఒక్క చిత్రంలో ఎన్ని పరీక్షలో!

మన దేశంలో టెలివిజన్ ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. 1982లో రంగుల ప్రసారం వచ్చింది. ఆ కాలమంతటా జనం చూసింది పిక్చర్ ట్యూబులోనే. అంటే అంచులు తెగిన బొమ్మనే!

రోగం పోయింది, పథ్యం మిగిలింది

ఇప్పటి పలుచని టీవీలో ఎలక్ట్రాన్ పుంజం లేదు, వంచే తీగచుట్టలూ లేవు. తెర నిండా చిన్న చిన్న వెలుగు గడులు వరసలుగా పేర్చి ఉంటాయి. వాటినే పిక్సెళ్ళు అంటారు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 పిక్సెళ్ళు. మొత్తం 20,73,600. వోల్టేజి తగ్గినా పెరిగినా ఇవి ఉన్నచోటనే ఉంటాయి. కంప్యూటరు నుంచి వచ్చే ఫుల్ హెచ్‌డీ బొమ్మలోనూ సరిగ్గా అన్నే చుక్కలు. ఒక చుక్కకు ఒక గడి. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అలాంటప్పుడు అంచులు కోయవలసిన పనేముంది? నిజానికి లేదు. అయినా చాలా సెట్లు పాత అలవాటును వదులుకోలేదు. ఇందుకు ఒక చిన్న కారణం మాత్రం ఉంది. పాత టేపులను ఇప్పటి తెర మీద పూర్తిగా చూపిస్తే వాటి అంచుల్లోని అవకతవకలు బయటపడతాయి. వీడియో టేపు బొమ్మ అడుగున వంకరగీతల పట్టీ ఒకటి ఉంటుంది. కొన్ని పాత ప్రసారాల పై అంచున తెల్లని చుక్కలు, గీతలు మిణుకుమంటాయి. పాత పిక్చర్ ట్యూబుల్లో ఇవి తెర బయటే పడిపోయేవి కనుక ఎవరూ పట్టించుకోలేదు. వాటిని దాచడానికి ఓవర్‌స్కాన్ పనికొస్తుంది. కాని కంప్యూటరు బొమ్మకు, కొత్త ప్రసారాలకు ఆ దాపరికం అక్కరలేదు.

పైగా ఇందులో ఇంకో నష్టం ఉంది. ఒక్కో అంచున రెండున్నర శాతం కోస్తే 1,824 × 1,026 చుక్కలే మిగులుతాయి. పోయిన చుక్కలు 2,02,176! మిగిలిన 1,824 చుక్కలను 1,920 గడుల్లో పరచాలి. అంటే ప్రతి 19 చుక్కలనూ 20 గడులకు సర్దాలన్నమాట. 19 అరిసెలను 20 మందికి సమంగా పంచాలంటే ఏం చేస్తారు? ప్రతి అరిసెనూ తుంచాలి. ఎవరికీ నిండు అరిసె దక్కదు. ఇక్కడా అంతే. పక్కపక్క చుక్కలను కలిపి కొత్త చుక్కలు తయారుచేయాలి. ఫలితంగా సన్నని అక్షరాలు మసకబారతాయి. అంచులు పోవడమే కాదు, మిగిలిన బొమ్మ పదును కూడా తగ్గుతుంది.

సాగదీసిన బొమ్మ, నరికిన బొమ్మ

బొమ్మ పూర్తిగా కనిపించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఆకారం. పాత టీవీ తెర వెడల్పు 4 పాళ్ళయితే ఎత్తు 3 పాళ్ళు. ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన డిక్సన్ సినిమా ఫిల్ముకు అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం ఎత్తు ఉన్న చట్రం ఎంచుకున్నాడు. టీవీ కూడా ఆ పాళ్ళనే తీసుకుంది. టీవీ పోటీ పెరగడంతో సినిమావాళ్ళు 1953లో సినిమాస్కోప్ అనే బాగా వెడల్పైన బొమ్మను తెచ్చారు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. అలాంటి బొమ్మ వెడల్పు, ఎత్తుకు దాదాపు 2.35 రెట్లు.

మరి ఇప్పటి టీవీ తెర 16:9 ఎలా అయింది? 1980లలో కెర్న్స్ పవర్స్ అనే అమెరికా ఇంజనీరు వాడుకలో ఉన్న రకరకాల పాళ్ళతో, ఒకే వైశాల్యం వచ్చేట్టు దీర్ఘచతురస్రాలు తయారుచేసి, మధ్యబిందువులు కలిసేట్టు ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాడు. అన్నీ ఇమిడే బయటి దీర్ఘచతురస్రానికీ, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి దీర్ఘచతురస్రానికీ ఒకటే పాళ్ళు వచ్చాయి: సుమారు 1.77. మీరూ సరిచూడవచ్చు. 1.33ను 2.35తో గుణించి వర్గమూలం తీయండి. దాదాపు 1.77 వస్తుంది. 16ను 9తో భాగించినా 1.777… కదా!

ఇప్పుడు పాత 4:3 కార్యక్రమం 16:9 తెర మీదికి వచ్చిందనుకోండి. టీవీకి మూడు దారులు ఉన్నాయి.

ఒకటి: బొమ్మను ఉన్నది ఉన్నట్టు చూపడం. అది తెర వెడల్పులో ముప్పావు భాగమే ఆక్రమిస్తుంది. అటూ ఇటూ నల్లని పట్టీలు మిగులుతాయి. బొమ్మ మాత్రం పూర్తిగా ఉంటుంది.

రెండు: అడ్డంగా సాగదీయడం. తెర నిండుతుంది. కాని 3 సెంటీమీటర్ల వలయం 4 సెంటీమీటర్ల వెడల్పుకు సాగి కోడిగుడ్డు అవుతుంది. సన్నని మనిషి బొద్దుగా మారిపోతాడు!

మూడు: తెర నిండే దాకా బొమ్మను పెంచడం. దీన్ని జూమ్ అంటారు. ఆకారం చెడదు గాని, ఎత్తులో నాలుగో వంతు పైనా కిందా తెగిపోతుంది. తలలు, కాళ్ళు, అడుగునున్న అక్షరాలు అన్నీ ఎగిరిపోతాయి.

సినిమాస్కోప్ చిత్రమైతే పైనా కిందా నల్లని పట్టీలు వస్తాయి. చాలామంది వాటిని చూసి "తెర వృథా అవుతోంది" అని జూమ్ నొక్కుతారు. అప్పుడు బొమ్మ వెడల్పులో దాదాపు నాలుగో వంతు పోతుంది. నల్లని పట్టీ లోపం కాదు. తెర ఆకారం, బొమ్మ ఆకారం వేరువేరని అది చెబుతుంది. తెర నిండటం వేరు, బొమ్మ నిండుగా కనిపించడం వేరు.

మీరే పరీక్షించండి

మీ ఇంటి టీవీయో, బడిలోని టీవీయో ఎంత కోస్తోందో మీరే కొలవవచ్చు. కావలసింది ఒక కంప్యూటరు, దాన్ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగ.

కంప్యూటరులో పాఠాల స్లైడ్లు తయారుచేసే ఏదైనా ప్రోగ్రాము తెరవండి. 16:9 పాళ్ళలో ఒక స్లైడు తీసుకోండి. దాని నాలుగు అంచులకూ సరిగ్గా ఆనేట్టు 20 వరసలు, 20 నిలువు వరసలు ఉన్న పట్టిక గీయండి. మొత్తం 400 గడులు. వరుసలకు 1 నుంచి 20 దాకా అంకెలు వేయండి. మధ్యలో ఒక పెద్ద వలయం గీయండి. ఇదే మీ సొంత పరీక్షా చిత్రం! ఇప్పుడు ఆ స్లైడును తెర నిండా చూపించండి.

టీవీ దగ్గరికి వెళ్ళి గడులు లెక్కపెట్టండి. ఒక్కో గడి వెడల్పు బొమ్మ వెడల్పులో 5 శాతం. ఎత్తులోనూ అంతే. కాబట్టి:

400 గడులూ నిండుగా కనిపిస్తే మీ టీవీ ఏమీ కోయడం లేదు.

అంచు గడులు సగమే కనిపిస్తే ఒక్కో అంచున రెండున్నర శాతం పోతోంది. మీరు చూస్తున్నది 19 × 19, అంటే 361 గడుల పాటి బొమ్మ.

అంచు గడులు పూర్తిగా పోతే మిగిలేది 18 × 18, అంటే 324 గడులు. 76 గడులు గల్లంతు!

తరవాత వలయాన్ని స్కేలుతో అడ్డంగా, నిలువుగా కొలవండి. రెండూ సమానంగా లేకపోతే బొమ్మను సాగదీస్తున్నారన్నమాట. కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. సవరించిన తరవాత మళ్ళీ కొలిచి పోల్చి చూడాలి కదా!

సవరించడం ఎలా?

ఇంట్లోనైతే పెద్దవాళ్ళకు, బడిలోనైతే మాస్టారికి చెప్పి రిమోట్ చేతిలోకి తీసుకోండి.

ముందుగా సెట్టింగులలో 'పిక్చర్' అనే భాగం తెరవండి. అందులో 'పిక్చర్ సైజ్' అనో 'యాస్పెక్ట్ రేషియో' అనో 'స్క్రీన్' అనో ఒక అంశం ఉంటుంది. దాన్ని 'జూమ్' నుంచి, 'వైడ్' నుంచి తప్పించి 16:9లో పెట్టండి. చాలాసార్లు పని ఇక్కడితో అయిపోదు. 16:9లో ఉన్నా టీవీ అంచులు కోస్తూ ఉండవచ్చు.

తరవాత ఓవర్‌స్కాన్‌ను ఆపాలి. దీనికి ఒక్కో తయారీదారు ఒక్కో పేరు పెట్టాడు. 'స్క్రీన్ ఫిట్', 'జస్ట్ స్కాన్', 'ఫుల్ పిక్సెల్', 'డాట్ బై డాట్', 'ఒరిజినల్', '1:1' వీటిలో ఏది కనిపించినా అదే మనకు కావలసింది. కొన్ని సెట్లలో 'ఓవర్‌స్కాన్' అనే పేరుతోనే ఉంటుంది. దాన్ని 'ఆఫ్' చేయాలి. ఇంకొన్ని సెట్లలో కంప్యూటరు కలిపిన ద్వారానికి 'పీసీ' అని పేరు మార్చగానే టీవీ కోయడం మానేస్తుంది.

ఒక సంగతి మరవకండి. చాలా టీవీలు ఒక్కో హెచ్‌డీఎంఐ ద్వారానికి ఒక్కో అమరికను గుర్తుంచుకుంటాయి. ఒకటో ద్వారంలో సరిచేసి, తీగను రెండో ద్వారంలో పెడితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

టీవీ సవరణ కుదరకపోతేనే కంప్యూటరు వైపు చూడాలి. అక్కడ బొమ్మను కొంచెం చిన్నది చేసి పంపే ఏర్పాటు ఉంటుంది. కాని ఆలోచించండి: కంప్యూటరు బొమ్మను కుదిస్తుంది, టీవీ మళ్ళీ సాగదీస్తుంది. అంచులు కనిపిస్తాయి గాని అక్షరాలు మసకగానే ఉంటాయి. తుంచిన అరిసెను అతికించినట్టు! కనుక ముందు టీవీనే సరిచేయాలి. కంప్యూటరు పంపే బొమ్మ కొలత కూడా టీవీ తెర పిక్సెళ్ళకు సరిపోయేట్టు 1,920 × 1,080లో ఉందో లేదో చూసుకోండి. 4కే తెర అయితే 3,840 × 2,160.

కేబుల్ పెట్టెకు, డిష్ పెట్టెకు కూడా తెర ఆకారం ఎంచుకునే అమరిక వేరుగా ఉంటుంది. పెట్టె ఒకసారి సాగదీసి, టీవీ ఇంకోసారి పెంచితే బొమ్మకు రెండు దెబ్బలు. రెండింటినీ చూడాలి.

ఒక హెచ్చరిక. ఇంట్లో మూలన పాత పిక్చర్ ట్యూబు టీవీ ఉంటే దాని వెనక మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాంతకం. మన ప్రయోగమంతా రిమోట్‌తోనే.

మళ్ళీ తరగతి గదిలోకి

ఇప్పుడు మన మాస్టారి తరగతికి తిరిగి వెళ్దాం. అమరిక మార్చారు. తెర మీద లెక్క రవ్వంత చిన్నదయింది. అంకెల అంచులు మాత్రం పదును తేరాయి. అప్పటిదాకా ఎవరికీ కనిపించని ఆ ఋణ గుర్తు ఎడమ అంచున నిలిచింది.

−12 + 5 × 4 = 8

అంచు తెగిన బొమ్మ తెగినట్టు కనిపించదు. తెర నిండుగానే ఉంటుంది కనుక ఇంకేదో ఉండాలన్న అనుమానమే రాదు. అందుకే గడులు లెక్కపెట్టి చూడాలి. వచ్చే వారం మీ బడిలో టీవీ పాఠం మొదలయ్యే ముందు మీ పరీక్షా చిత్రాన్ని ఒక్క నిమిషం పెట్టి చూడమని మాస్టారిని అడగండి.

ఆలోచించండి

1. ఒక టీవీ ఒక్కో అంచున 4 శాతం కోస్తోంది. మొత్తం బొమ్మ వైశాల్యంలో ఎంత శాతం పోయినట్టు?

2. 4:3 కార్యక్రమాన్ని 16:9 తెర నిండా అడ్డంగా సాగదీశారు. తెర మీద బండి చక్రం ఎత్తు 30 సెంటీమీటర్లు ఉంది. దాని వెడల్పు ఎంత కనిపిస్తుంది?

3. అడుగు అంచు తెగి ఒత్తు పోతే 'బల్లి' 'బలి' అయింది కదా. ఇలా ఒత్తు పోయినా మరో అర్థంతో మిగిలే మాటలు ఇంకో అయిదు వెతకండి.

(జవాబులు: 1. 15.36 శాతం. 2. 40 సెంటీమీటర్లు. 3. మీ జాబితాను మీ తెలుగు మాస్టారికి చూపించండి.)